ఎవరి పుణ్యమా అని

పాత ల్యాప్‌టాప్‌ను లినక్స్‌కి మార్చుకుందామన్న బుద్ధి పుట్టిన ప్రతివాళ్లూ మొదట అడిగే మాట ఒకటే: "దీనికి లినక్స్ పడుతుందా?" అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చమంటారు. అలా తేల్చడం నాకు చేతకాదు. మూత మీద ఒక కంపెనీ పేరే ఉంటుంది గానీ లోపల వైఫై చిప్ ఒకరిది, సౌండు చిప్ ఇంకొకరిది, కెమెరా మరొకరిది, వేలిముద్ర తీసుకునే బిళ్ల ఎవరిదో దేవుడికే ఎరుక. ఒకటి పనిచేసినంత మాత్రాన పక్కది పనిచేయాలని లేదు. అందుకని ఆ ప్రశ్నను నా వరకు నేను కొంచెం సాగదీసుకుంటాను: ఇందులో ఏది పనిచేస్తుంది, ఎవరి పుణ్యమా అని పనిచేస్తుంది? మొదటి సగానికి జవాబు ఒక పూటలో దొరుకుతుంది. రెండో సగం వెంట వెళ్తే మనుషులు తారసపడతారు. నాకు ఆసక్తి వాళ్ల మీదే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 గడప దాటాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఇవతలిది కావాలి. ఏ జబ్బూ లేని యంత్రాలు బోలెడు ఆ గడప బయటే నిలబడిపోయాయి. మా పై అంతస్తులో ఉండే తెలుగు మాస్టారి ల్యాప్‌టాప్ అలాంటిదే. అమెరికాలో చదువుకునేటప్పుడు కొడుకు కొనుక్కున్నది, తర్వాత తండ్రికి వచ్చింది. ఐదో తరం ఐ5, ఎనిమిది జీబీల ర్యామ్, గీత పడని తెర. ఆయన దాన్ని చంకన పెట్టుకుని దిగివచ్చారు.

"దీనికి వయసైపోయిందని చెబుతోంది నాయనా. నా ముందు ఇదెంత!"

"యంత్రానికేం కాలేదు మాస్టారూ. కొత్త విండోస్ దీన్ని రానివ్వనంటోంది, అంతే."

"నువ్వు వాడే ఆ రెండోది రానిస్తుందా మరి?"

"చూసి చెబుతానండి."

"చూడటానికేముంది, వేసెయ్యి."

చూడటానికే ఉంది. పైగా చూడటానికి తగిన సమయం విండోస్ ఇంకా బతికి ఉన్నప్పుడే. అందులో డివైస్ మేనేజర్ తెరిచి ఒక్కొక్క పరికరం వివరాల్లోకి వెళ్తే హార్డ్‌వేర్ ఐడీలన్న చోట రెండు సంఖ్యలు కనబడతాయి. మొదటిది చిప్ తయారుచేసినవాళ్లది, రెండోది ఆ చిప్‌ది. తెలుగువాళ్లకు ఈ వరస కొత్తేమీ కాదు; ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. ఇంటెల్ వారి ఇంటిపేరు 8086. ఆ కంపెనీ దశ తిప్పిన 1978 నాటి ప్రాసెసర్ పేరే దానికి గుర్తుగా మిగిలింది. రియల్‌టెక్ వారిది 10ఈసీ. డబ్బా మీద ఏ పేరు అచ్చేసినా ఈ రెండు సంఖ్యలు మాత్రం అబద్ధం చెప్పవు.

డబ్బా మీది పేరును నమ్మితే ఏమవుతుందో టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే చిన్న యూఎస్‌బీ వైఫై పరికరం కథ చెబుతుంది. దాని మొదటి వెర్షన్‌లో ఎథెరోస్ చిప్ ఉండేది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరు, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే మంచిది ఉంది. పెడితే చాలు, పనిచేసేది. ఆ మంచి పేరు విని జనం కొన్నారు. రెండో వెర్షన్‌కి వచ్చేసరికి లోపల రియల్‌టెక్ చిప్ చేరింది. అదే పేరు, అదే యాంటెనా. వెర్షన్ సంఖ్య వెనకవైపు లేబుల్ మీద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. కొన్నవాళ్లు చాలాకాలం తిప్పలు పడ్డారు. ఫలానా మోడల్‌కి లినక్స్ పడుతుందని ఎవరైనా ధీమాగా చెబితే, ఏ వెర్షన్‌కి, ఏ చిప్‌కి అని ఎదురు అడగడం నాకు అందుకే అలవాటు.

లినక్స్‌లో ఇదే పని ఎల్ఎస్‌పీసీఐ, ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే రెండు కమాండ్లు చేస్తాయి. మొదటిదానికి ఎన్ఎన్‌కే అని తగిలిస్తే పరికరం పేరు, రెండు సంఖ్యలు, వాటి కిందే దాన్ని ప్రస్తుతం ఏ డ్రైవరు నడుపుతోందో చెప్పే వరుస ఒకటి వస్తుంది. ఆ వరుస ఉందా లేదా అన్నది చూసుకుంటే సాంకేతికంగా మన పని అయిపోయినట్టే. నేను మాత్రం అక్కడ కాసేపు ఆగుతాను. ఆ డ్రైవరు పేరు వెనక ఎవరో ఒకరు ఉంటారు. ఆ చిప్‌ను బల్లమీద పెట్టుకుని, అది ఎందుకు పలకడంలేదో తేలేదాకా నిద్రమానుకున్నవాళ్లు.

మొదట్లో ఆ బల్ల ఒక్కటే. 1991 ఆగస్టులో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి లోకానికి చెప్పినప్పుడు, అది తన దగ్గరున్న 386 పీసీ కోసం రాసిందేననీ, తనకున్న రకం హార్డ్‌డిస్కు తప్ప మరోదానితో ఎప్పటికైనా పనిచేస్తుందన్న ఆశ లేదనీ ముందే చెప్పేశాడు. మొదటి వెర్షన్‌కి తెలిసిన కీబోర్డు ఫిన్లాండ్ కీబోర్డు ఒక్కటే. ఆనాడు లినక్స్ ఏయే యంత్రాలకు పడుతుందని జాబితా రాస్తే ఒక కుర్రవాడి గది సరిపోయేది. ఆ తర్వాత జాబితా పెరిగిన తీరంతా ఒకటే: వేరే డిస్కు, వేరే కార్డు ఉన్న మరొకడు వచ్చాడు, తనది పనిచేయలేదు, కూర్చుని రాశాడు, రాసింది అందరికీ ఇచ్చాడు.

నాసా గొడ్డార్డ్ కేంద్రంలో పనిచేసిన డొనాల్డ్ బెకర్ ఆ కోవలోనివాడే. 1994లో ఆయన, థామస్ స్టెర్లింగ్ కలిసి మామూలు పీసీలను గొలుసుకట్టి బియోవుల్ఫ్ అనే చౌకరకం సూపర్ కంప్యూటర్ కట్టారు. గొలుసు కట్టాలంటే నెట్‌వర్క్ కార్డులు పనిచేయాలి. ఆ దశాబ్దంలో లినక్స్‌కి వచ్చిన ఈథర్‌నెట్ డ్రైవర్లలో చాలావాటి మీద ఆయన పేరు ఉంది. ఫ్రాన్స్‌లో మిషెల్ గ్జార్ వృత్తిరీత్యా వైద్యుడు. తీరిక వేళల్లో రెండు వందలకు పైగా వెబ్‌క్యామ్‌లను లినక్స్‌లో పనిచేయించే డ్రైవరు రాశాడు. ఆ కోడ్ ఇతరుల చేతుల్లో సానపట్టుకుని 2008లో అసలు కెర్నెల్‌లో చేరింది. పాత వెబ్‌క్యామ్ తగిలించగానే మన ముఖం తెర మీద కనబడితే, ఆ డాక్టరుగారి సాయంత్రాలు కొన్ని అందులో ఖర్చయ్యాయన్నమాట.

కంపెనీలు వివరాలు చెప్పకపోతే పని ఇంకా విచిత్రంగా సాగేది. బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌ల గురించి చాలాకాలం బయటివాళ్లకు ఏమీ తెలియనివ్వలేదు. అప్పుడు కొందరు రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు కంపెనీ డ్రైవరును విప్పి చూసి, చిప్ ఏ పలుకుకి ఎలా బదులిస్తుందో మామూలు భాషలో రాసిపెట్టింది. రెండో జట్టు ఆ డ్రైవరు ముఖం చూడకుండా, ఆ రాతను మాత్రమే చదువుకుని కొత్త డ్రైవరు రాసింది. కాపీ కొట్టారన్న మాట పడకుండా ఇంత మడి కట్టుకున్నారు. 2010 సెప్టెంబరులో ఆ కంపెనీయే తన కొత్త చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవరు విడుదల చేసింది. గ్రాఫిక్ కార్డుల ఎన్‌విడియా అంతకన్నా ఆలస్యం చేసింది. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో లైనస్ ఆ కంపెనీకి మధ్యవేలు చూపించడం జగద్విదితం. కెర్నెల్‌కి సంబంధించిన భాగాన్ని వాళ్లు 2022 మేలో బయటపెట్టారు, అదీ 2018లో మొదలైన తరం నుంచి ఇవతలి కార్డులకే. కాబట్టి పాత ఎన్‌విడియా కార్డున్న ల్యాప్‌టాప్ ఎవరైనా తెస్తే దాని తరం ఏదో చూడందే నేను నోరు విప్పను.

కాగితం మీద లెక్క ఎంత చూసినా చివరికి యంత్రాన్నే అడగాలి. అందుకు లైవ్ పద్ధతిని మించింది లేదు. హార్డ్‌డిస్కును ముట్టకుండా సీడీ నుంచే లినక్స్ మొత్తాన్ని నడిపి చూపించే నాపిక్స్‌ను 2000లో జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ తెచ్చాడు. తర్వాత ఉబుంటు అనే లినక్స్ రకం వాళ్లు అడిగినవాళ్లకల్లా సీడీలు పోస్టులో ఉచితంగా పంపారు. 2011 దాకా అది సాగింది. ఇప్పుడు పెన్‌డ్రైవ్ చాలు. అయితే దాన్ని పెట్టేముందు రెండు జాగ్రత్తలు. ఫైళ్లన్నీ ఇంకోచోట దాచాలి. కొత్త విండోస్ యంత్రాల్లో మనకు చెప్పకుండానే డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడి ఉండవచ్చు. లినక్స్ కోసం సెక్యూర్ బూట్ అనే భద్రతా అమరిక కదిపితే ఆ తాళం రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ముందే రాసిపెట్టుకోనివాళ్ల బాధ వర్ణనాతీతం.

మాస్టారి యంత్రంలో లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్ పెట్టి లేపాం. చాలామంది డెస్క్‌టాప్ కనబడగానే "ఇన్‌స్టాల్" నొక్కేస్తారు. అసలు పరీక్ష అప్పుడే మొదలవ్వాలి. వైఫై పట్టిందా, పట్టి నిలబడుతోందా, బ్లూటూత్‌కి చెవి ఫోన్లు దొరుకుతున్నాయా, వెలుతురు తగ్గించే మీటలు తగ్గిస్తున్నాయా, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో పేజీ జరుగుతోందా, టీవీకి తీగ కలిపితే బొమ్మ వస్తోందా? అన్నిటికన్నా కఠినమైనది మూత పరీక్ష. వేస్తే నిద్రపోవాలి, తీస్తే లేవాలి, లేచాక వైఫై కూడా లేవాలి. ఏ ప్రకటనలోనూ కనబడని గుణం ఇది. యంత్రం ఫర్మ్‌వేర్, కెర్నెల్, గ్రాఫిక్స్ ముగ్గురూ ఒక మాట మీద ఉంటే తప్ప కుదరదు.

మైకు పరీక్షకు మాస్టారు సీసపద్యం అందుకున్నారు. ఎత్తుగీతి దాకా ఆయన ఆగలేదు, నేనూ ఆపలేదు. రికార్డు చేసింది వినిపించాక, "గొంతు బొంగురుగా ఉందేం? ఇది లినక్స్ దోషమా?" అన్నారు. కాదని విన్నవించాను. వేలిముద్ర బిళ్ల మాత్రం ఉలకలేదు. దాని సంఖ్యలు ఏ ఓపెన్ డ్రైవరు జాబితాలోనూ లేవు. "రేషన్ షాపు మిషనే నా వేళ్లను గుర్తుపట్టదు, ఇది పట్టకపోతే పీడాపాయె" అని ఆయన దాన్ని తోసిపుచ్చారు. అనుకూలత అనేదాంట్లో మనిషి అవసరానికీ సగం వాటా ఉందని ఆ మాటతో తేలిపోయింది. ఇంకొకరికి ఆ బిళ్లే ప్రాణం కావచ్చు.

తెలుగు టైపింగ్‌నూ అక్కడే చూసుకున్నాం. మాస్టారికి ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అలవాటు. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చున్నాయి. ఇదీ ఊరికే వచ్చింది కాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి సంస్థల చుట్టూ చేరిన విద్యార్థులు, ఇంకెందరో ఔత్సాహికులు మెనూలు తెలుగు చేసి, ఖతులు దిద్ది, తప్పులు పట్టి పంపితే వచ్చింది. చిప్‌కి డ్రైవరు రాసినవాడిదీ, మెనూలో ఒక్కో మాట తెలుగు చేసినవాడిదీ ఒకే రకం చాకిరీ.

అంతా అయ్యాక మాస్టారు నింపాదిగా అడిగారు: "మరి నా ప్రింటరు?"

పేరున్న కంపెనీ చేసిన చిన్న లేజర్ ప్రింటరు అది. బళ్లో ఉన్నప్పుడు ప్రశ్నపత్రాలన్నీ దానిమీదే తీశారట. తీగ కలిపితే లినక్స్ దాన్ని పేరుపెట్టి పిలిచింది గానీ కాగితం మాత్రం కదల్లేదు. ఈ చౌక ప్రింటర్ల రహస్యం ఏమిటంటే, పేజీని చుక్కలుగా మార్చే బుర్ర వాటిలో ఉండదు. ఆ పని కంప్యూటర్‌లోని డ్రైవరు చేసి, వండిన చుక్కలను కంపెనీకి మాత్రమే తెలిసిన పద్ధతిలో పంపాలి. 1990లలో విన్‌మోడెమ్‌లు వచ్చినప్పుడూ ఇదే కథ. మోడెమ్ చేయాల్సిన పనిని విండోస్ డ్రైవరు నెత్తిన పెట్టి ధర తగ్గించారు. కొన్నవాడు పరికరం కొన్నాననుకుంటాడు. నిజానికి అతని చేతికి వచ్చింది సగమే, మిగతా సగం కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉండిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ నడిచినన్నాళ్లే పరికరానికి ఆయుష్షు.

చిత్రమేమిటంటే కోడ్‌ను అందరికీ ఇచ్చే ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమమంతా ప్రింటరు దగ్గరే మొదలైంది. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ల్యాబుకు జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటరు ఒకటి వచ్చింది. కాగితం ఇరుక్కుపోతే ఎవరికీ తెలిసేది కాదు. అంతకుముందున్న ప్రింటరుకు రిచర్డ్ స్టాల్‌మన్ ఒక ఏర్పాటు చేసి ఉన్నాడు: కాగితం ఇరుక్కుంటే ఎదురుచూస్తున్న వాళ్లకు కబురు వెళ్లేది. కొత్తదానికి అలా చేద్దామంటే సోర్స్ కోడ్ లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి రాసిచ్చానన్నాడాయన. ఆ కాదనడం స్టాల్‌మన్ మనసులో నాటుకుపోయింది. 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఆ గ్నూ పనిముట్లకు తర్వాత లైనస్ కెర్నెల్ తోడైతేనే మనం లినక్స్ అని పిలిచే వ్యవస్థ నిలబడింది.

ఇచ్చిపుచ్చుకోవడంలో ఎక్కడ గీత గీయాలన్నది ఈ లోకంలో ఈనాటికీ తగవే. వైఫై చిప్‌కి డ్రైవరు ఓపెన్‌గా ఉన్నా, చిప్ లోపలికి ఎక్కించే ఫర్మ్‌వేర్ కంపెనీ గుట్టుగానే ఉంటుంది. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వాళ్లు నియమం తప్పకూడదని దాన్ని అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేవాళ్లు కాదు. ఫర్మ్‌వేర్ దింపుకోవాలంటే వైఫై కావాలి, వైఫై రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్న సామెత ఆ ఇన్‌స్టాలర్‌ను చూసే పుట్టిందేమో అనిపించేది. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసుకుని మెత్తబడ్డారు. 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. నియమం వాళ్లది, ఇబ్బంది వాడేవాళ్లది అయినప్పుడు ఎన్నాళ్లు పట్టుబట్టాలి? నాకు వాళ్ల పట్టుదల మీదా గౌరవం ఉంది, పట్టు సడలించిన రోజు మీదా ఉంది.

ఇంత చూశాక కూడా "వద్దు" అని చెప్పాల్సిన సందర్భాలుంటాయి. డీటీపీ పని చేసుకునే మిత్రుడొకడు అడిగితే వద్దన్నాను. వాడి యంత్రంలో ప్రతి చిప్పూ లినక్స్‌కి చుట్టమే. కానీ వాడి జీవనాధారం విండోస్ మీద నడిచే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఏళ్ల తరబడి కూర్చిన పుస్తకాలన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. మీసేవ తరహా కేంద్రాలు నడిపేవాళ్లయితే బయోమెట్రిక్ పరికరాన్ని, డిజిటల్ సంతకం టోకెన్‌ను ముందు పరీక్షించుకోకుండా అడుగు వేయకూడదు. యంత్రానికి పడి, యజమానికి పడకపోతే ఏం లాభం?

పడిన లినక్స్ ఎల్లకాలం పడి ఉంటుందనీ అనుకోకూడదు. లైనస్ ఏ 386 మీద లినక్స్ పుట్టించాడో ఆ 386ను 2012 డిసెంబరులో కెర్నెల్ నుంచి తీసేశారు. 2013లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచి, తాను పుట్టిన యంత్రం మీదే లినక్స్ నడవదు. పగబట్టి తీయలేదు. ఆ పాత ప్రాసెసర్ కోసం ఉంచిన ప్రత్యేక కోడ్‌ను ప్రతిసారీ మోయాల్సి వచ్చేది, దానిమీద నడిపి చూసేవాళ్లు దాదాపు లేరు. 32 బిట్ యంత్రాల పరిస్థితీ అదే దారి పట్టింది. ఉబుంటు 2017లోనే వాటికి డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా మానేసింది. ఒక పరికరం పనిచేయడం మొదలయ్యేది దాన్ని బల్లమీద పెట్టుకున్న మనిషి వల్లే. పనిచేయడం ఆగిపోయేదీ ఏ బల్లమీదా అది మిగలనప్పుడే.

కాబట్టి ఈ పరీక్ష నాకు ఇన్‌స్టాల్‌తో పూర్తి కాదు. మాస్టారి ల్యాప్‌టాప్ మోడల్, చిప్‌ల సంఖ్యలు, కెర్నెల్ వెర్షన్, పనిచేసినవి, పనిచేయనివి అన్నీ రాసి, పరికరాల సమాచారం పోగుచేసే చోటికి పంపాను. వేలిముద్ర బిళ్ల పలకలేదన్న ముక్క కూడా వదల్లేదు. విజయాలే రాస్తే తర్వాతివాడికి సగం దారే తెలుస్తుంది. ఆ బిళ్ల తన దగ్గరా ఉన్న నిపుణుడెవడో ఎక్కడో ఒక్కడుంటే, పలకని పరికరాల లెక్క చూశాకే వాడు పని మొదలుపెడతాడు.

మాస్టారు కొన్నాళ్లు వీధి చివరి జిరాక్స్ షాపులో కాగితాలు తీయించుకుని, విసుగెత్తి, కొత్త ప్రింటరు కొందామని నన్ను కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీ బజారుకు వెంటబెట్టుకుపోయారు. ఈ రోజుల్లో నెట్‌వర్క్ ప్రింటర్లు చాలావరకు ఐపీపీ అనే బహిరంగ పద్ధతిలో మాట్లాడతాయి, ప్రత్యేకంగా డ్రైవరు అక్కర్లేదు. ఆ సంగతి దారిలో ఆయనకు చెప్పాను. దుకాణంలో కుర్రవాడు ధర చెప్పబోతే ఆపి, "ముందు ఇది చెప్పు బాబూ, డ్రైవరు లేకుండా ప్రింటు ఇస్తుందా? లినక్స్‌కి పడుతుందా?" అన్నారు. వాడు తెల్లబోయి, "ఎవరూ అడగలేదు సార్, కనుక్కుంటా" అని లోపలికి వెళ్లాడు.

"ఎవరూ అడగలేదట!" అన్నారు మాస్టారు నాకేసి తిరిగి, చాలా సంతోషంగా. "ఇహ అడిగారుగా."